పన్నెండో గుడ్డు

కోడి పొదిగిన పన్నెండు గుడ్లలో పదకొండు పిల్లలై, గంప దిగి నూకలకు పరుగెత్తాయి. పన్నెండోదానికి చిన్న చిల్లు మాత్రమే పడింది.

"అమ్మా, ఇక నావల్ల కాదు. నువ్వే పగలగొట్టవే," అని లోపలి పిల్ల ఏడ్చింది.

"ఇక్కడే ఉన్నానే బుజ్జీ, ఇంకొంచెం పొడువు," అంది కోడి.

పక్కనున్న బాతు మండిపడింది. "ఏం తల్లివే నువ్వు? ఒక్క పోటు పొడిస్తే పోయేదానికి!"

"తొందరపడితే నెత్తురు కారుద్ది అక్కా. పోయినేడు ఒకదాన్ని అలాగే పోగొట్టుకున్నా," అంది కోడి. ఆ తరవాత అది నోరు విప్పలేదు.

పిల్ల తల్లిని తిట్టింది, కాసేపు పడుకుంది, మళ్ళీ పొడిచింది. పొద్దు వాలేసరికి పెంకు విడిపోయింది. తడితడిగా బయటికొచ్చి పైకి చూసింది.

"అమ్మా, నీ నోట్లో ఈ గడ్డేంటి?"

కోడి గడ్డి వదిలింది. "ఇది కరుచుకోకపోతే, నీ పెంకు నేనే పొడిచేసేదాన్నే పిచ్చీ!"