జమ్ము బస్సులో సీటు

"పెరుగన్నం పొట్లాలు ఇంకా ఉన్నాయా?" ప్లాట్‌ఫాం మీంచి సంయుక్త కేకేసింది.

"ఉన్నాయమ్మా. ఈ రైలుకి సరిపోతాయి," అంది సుబ్బరత్నం.

సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక అక్కడ చదువుకునే మన పిల్లలు ఢిల్లీ మీదుగా విజయవాడ చేరుతున్నారు. బెంజ్ సర్కిల్ మహిళా సంఘం వాళ్ళు స్టేషన్లో వాళ్ళకి తిండి పెడుతున్నారు. లెక్చరర్ సంయుక్త ఆ సంఘానికి పెద్ద.

సుబ్బరత్నం ఎవరో వాళ్ళకి సరిగ్గా తెలీదు. చల్లపల్లి నుంచి వస్తుంది. ఇంట్లో మగ్గం ఉందిట. టీవీలో చూసి బస్సెక్కి వచ్చేసింది.

"నేనూ ఓ చెయ్యి వేస్తానమ్మా," అంది. అంతే.

రైలు దిగిన ప్రతి పిల్లనీ "తిన్నావా తల్లీ?" అని అడుగుతుంది. పిల్లల్ని పట్టుకుని తల్లులు భోరుమంటుంటే మంచినీళ్ళు అందిస్తుంది. ఆవిడ కళ్ళు మాత్రం తడవవు.

అప్పుడే సంయుక్త ఫోన్ మోగింది.

"అమ్మా! బస్సు నిండిపోయింది. నన్ను ఎక్కించుకోవట్లేదు!"

జమ్ములో చదువుతున్న కూతురు. వెనక సైరన్ మోత.

"నాగవల్లీ! గేటు దగ్గరే ఉండు. ఎక్కడికీ కదలకు. నాగవల్లీ!"

లైన్ కట్టయింది. సంయుక్త అక్కడే కూలబడిపోయింది.

సుబ్బరత్నం వచ్చి వీపు నిమిరింది. "వచ్చేస్తుందమ్మా. ధైర్యంగా ఉండండి."

"ఎలా ఉండమంటారండీ? మీ బిడ్డ అక్కడ ఉంటే తెలిసేది! పొట్లాలు కట్టినంత తేలిక కాదు!"

చుట్టూ ఉన్నవాళ్ళు గతుక్కుమన్నారు.

సుబ్బరత్నం మెల్లగా లేచి ప్లాట్‌ఫాం చివరికి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి మళ్ళీ పొట్లాలు పంచింది.

ఆ సాయంత్రమే నాగవల్లి మెసేజ్ పెట్టింది. సీటు దొరికింది, బయల్దేరాను అని.

నాగవల్లి రైలు వచ్చిన రోజు ఆ పిల్లకి పొట్లం విప్పి ఇచ్చింది సుబ్బరత్నమే.

"తిను తల్లీ," అంది. తినేదాకా నిలబడి చూసింది.

సంయుక్త కూతుర్ని తనివితీరా హత్తుకున్నాక తను విసిరిన మాట గుర్తొచ్చి సిగ్గుపడింది.

"సుబ్బరత్నం గారేరీ? ఆవిడకి సారీ చెప్పాలి."

"చల్లపల్లి బస్సుకి వెళ్ళిపోయారండీ," అన్నారెవరో. "రేపట్నుంచి రానన్నారు."

సంయుక్త నిట్టూర్చి కూతురి తల నిమిరింది.

"ఇంతకీ సీటెలా దొరికిందే?"

"ఓ నర్సక్క ఇచ్చిందమ్మా. నాగదుర్గ అని, మన కృష్ణా జిల్లానే. సెలవు మీద ఇంటికి బయల్దేరి ఆ బస్సులోనే కూర్చుంది. ఏదో ఫోనొచ్చింది. వెంటనే బ్యాగు తీసుకుని దిగిపోయి, నన్ను పేరు పెట్టి పిలిచి ఎక్కించింది."

"మరి ఆ అమ్మాయి?"

"తిరిగి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. దెబ్బలు తగిలినవాళ్ళు వస్తూనే ఉన్నారట."

సంయుక్త చేతులు జోడించింది. "అలాంటి పిల్లని కన్న తల్లికి దణ్ణం పెట్టాలే. అవునూ, నీ పేరు తనకెలా తెలుసు?"

"వాళ్ళమ్మే ఫోన్‌లో చెప్పిందట. 'ఇక్కడ సంయుక్తమ్మ గారు కుప్పకూలిపోయారే, ముందు ఆవిడ బిడ్డని పంపించు, నువ్వు నర్సువి, నీకు అక్కడ పనుంది' అందట."