దస్తీ వేసిన సీటు

"మంచి ప్రయోగాల్ని మీ జడ్జిలే చంపుతున్నరు!" అశ్విని బల్ల గుద్దింది. "తీగ ఆరంగనే సున్న ఏసి పోవుడేనా? మళ్ల వెలిగేదాకా ఆగరా?"

వికారాబాద్‌లో సైన్సు ఫెయిర్. గెలిచినవాళ్లే హైదరాబాద్ పోయేది. జడ్జి పాండురంగం మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాండూరు నుంచి పిలిపించిన కెమిస్ట్రీ సారు. మహా కఠినుడని పేరు.

"ఆరింది గద బిడ్డా. ఫెయిలైనట్టే."

"జర ఆగుండ్రి సార్."

సీసాలో గోరువెచ్చని మిథనాల్. దానిమీద, ముందే మంటలో కాల్చి వేలాడేసిన ప్లాటినం తీగ. మసకగా ఉన్నది కాస్తా చూస్తుండగానే ఎర్రబడింది. ధగధగా మెరిసింది. మసకబారింది. మళ్లీ ఎర్రబడింది.

"కింద బ్యాటరీ దాచినవా?" పాండురంగం వంగి బల్లగుడ్డ లేపాడు. కింద ఆమె చెప్పులున్నాయి, అంతే.

పక్క బల్ల రూపేష్ పకపకా నవ్వాడు. "తీగకు మూడ్ బాగలేదేమో సార్!"

"నువ్వు నోర్ముయ్ రా!" అంది అశ్విని.

"మరి ఆగి ఆగి ఎందుకు వెలుగుతది? చెప్పు," అన్నాడు జడ్జి.

"తాండూరు బస్సు ఎన్నడన్న ఎక్కిండ్రా సార్? కిటికీలకెళ్లి జేబు దస్తీలేసి సీట్లు ఆపుతరు గద. మిథనాల్ ఆవిరి గట్లనే తీగ మీద జాగంత పట్టేస్తది. దాన్ని మండించే గాలిల ఆక్సిజనేమో జంట. పక్కపక్కన రెండు సీట్లుంటెనే కూసుంటది. దొరకకపోతే మండుడు బంద్, తీగ ఆరుతది. దస్తీలోళ్లు కొందరు దిగుతరు. జంట కూసుంటది. మళ్ల మండుడు, మళ్ల ఎరుపు. తీగ ఫెయిల్ గాలే సార్. నిండుతున్నది, ఖాళీ అయితున్నది. గంతే!"

పాండురంగం కళ్లు మెరిశాయి. నవ్వు రాబోతే మీసం కిందే అణిచేశాడు.

ఫెయిర్ నడిపిస్తున్న పెద్ద మేడం కస్తూరమ్మ దగ్గరికొచ్చింది. "గింత మంచిగ చెప్పిన పిల్లకు సున్నేంది సార్? మార్చుండ్రి."

"మార్చ మేడం. మారిస్తే నలుగురు ఏమంటరు?"

ఆ మాట మేడంకు అర్థం కాలేదు. అశ్వినికి అయ్యింది. కోపమంతా జారిపోయింది. ఆయన జేబులోంచి కాగితం లాగి మేడం చేతిలో పెట్టింది.

"నలుగురు ఏమన్న అననీ. కన్నబిడ్డకు నువ్వెట్ల ఏస్తవు? పక్కకు జరుగు నాయినా, నా మార్కులు మేడమే ఏయాలె. ఇప్పుడే ఏయాలె!"