బండోడి ఇంటర్వ్యూ

“పొద్దున్నే మెషీన్ దగ్గరికెళ్లగానే ముందేం చేస్తావ్?”

“టీ తాగుతా.”

టర్నర్‌కి ఒళ్లు మండింది. “ఒరేయ్ బండోడా! ఇన్నేళ్లూ లేత్ మీద ఇనుము చెక్కావా, ఉల్లిపాయలు తరిగావా? చక్‌లో ఎవడైనా ఇనుము బిగించే తాళంచెవి వదిలేశాడేమో చూడాలి. చూడకుండా స్విచ్ వేశావా, ఆ తాళంచెవి ఎగిరొచ్చి నీ నుదుట దిగుతుంది.”

“అబ్బ, ఎంత బాగా చెప్పావు బావా! ఇంకోసారి చెప్పు. నాకు చెప్పినట్టు కాదు, ఇంటర్వ్యూవాళ్లకి చెప్పినట్టు.”

టర్నర్ గొంతు సవరించుకుని ఇంకోసారి చెప్పాడు. తిట్లు తీసేసి, మర్యాదగా.

ఇద్దరూ లేత్ నడిపిన మిల్లు మూతపడ్డాక వాళ్ల షిఫ్టువాళ్లంతా తలో దారీ చూసుకున్నారు. ఒకడు ఆటో నడుపుతున్నాడు. ఇంకొకడు ఎవరిదో గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. మిగిలింది వీళ్లిద్దరే.

టర్నర్ ఒకే ఒక్క ఇంటర్వ్యూకి వెళ్లాడు. “మీ గురించి చెప్పండి” అన్నారు. నోరు పిడచకట్టుకుపోయింది. కొడుకు వయసువాళ్లు మొహమొహాలు చూసుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఇంకో ఇంటర్వ్యూ మాటెత్తితే ఇంట్లో కంచాలు ఎగిరేవి.

బండోడు మాత్రం చీకటిపడే వేళకి ఠంచనుగా వచ్చి మెట్ల మీద కూలబడేవాడు. “పని కోసం తిరిగీ తిరిగీ నడుం పడిపోయింది బావా” అనేవాడు. ఉన్న ఒక్క టీ ఇద్దరూ చెరిసగం తాగేవాళ్లు. ఆ సగం టీ కోసమే టర్నర్ పొద్దుట్నుంచి వీధివైపు చూసేవాడు.

ఇప్పుడు బండోడికి ఒక వర్క్‌షాపులో లేత్ పనికి ఈ ఇంటర్వ్యూ వచ్చిపడింది. రోజూ పాఠాలే. చెప్పిందే చెప్పడం. వాడి బుర్రకి ఎక్కితేగా?

“పోనీలెండి, అన్నయ్యకి ఇంకోసారి చెప్పండి” అని లోపల్నుంచి భార్య వత్తాసు.

ఆ రోజు రానే వచ్చింది. తోడు రమ్మని బండోడు చేతులు పట్టుకున్నాడు. వర్క్‌షాపు ఆఫీసు బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. పిలుపు రాగానే బండోడు టర్నర్ చొక్కా పట్టుకున్నాడు.

“కాళ్లు వణుకుతున్నాయి బావా. నువ్వూ లోపలికి రా.”

“నేనెందుకురా? నన్ను కూడా నవ్వులపాలు చెయ్యడానికా?”

“నేను తడబడితే అందిద్దువుగాని. నీకు పుణ్యముంటుంది.”

బల్ల వెనక మేనేజరమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. “మెషీన్ దగ్గరికి రాగానే ముందేం చేస్తారు?”

బండోడు నేలచూపులు చూశాడు.

టర్నర్ వాడివైపు చూశాడు. తను నోరు మూసుకుంటే చాలు. బండోడు తప్పుతాడు. సాయంత్రం మళ్లీ మెట్లు, మళ్లీ సగం టీ. నోరు విప్పితే, రేపట్నుంచి ఆ మెట్ల మీద తనొక్కడే.

“తెలీదా?” అంది మేనేజరమ్మ.

బండోడి మెడ మీద చెమట ధారకట్టింది. టర్నర్ చూడలేకపోయాడు.

“వీడికి అన్నీ తెలుసమ్మా! భయం, అంతే. ముందు చక్‌లో తాళంచెవి ఉందేమో చూస్తాడు.”

ఒక్కో ప్రశ్నకీ అదే వరస. కోత శబ్దం మారితే చాలు, టూలు మొద్దుబారిందని వీడికి చెవితోనే తెలిసిపోతుందన్నాడు. ఎంత కంగారులోనూ కొలత చూడకుండా రెండో కోత వెయ్యడన్నాడు. తన పనితనమంతా తీసి బండోడికి తొడిగాడు. చొక్కా తడిసి ముద్దయింది. నోరు మాత్రం ఆగలేదు.

“ఈ పని వీడికి ఇప్పించండమ్మా” అని చేతులు జోడించాడు.

మేనేజరమ్మ పెన్ను మూసి బండోడి వైపు తిరిగింది.

“సరే, నువ్వెళ్లి నీ మెషీన్ చూసుకో, ఇప్పటికే బోలెడు పని ఆగిపోయింది, మీ బావగారిని రేపట్నుంచి నీ పక్క లేత్ మీద పెట్టుకుంటాను.”