ట్యాంకు మూత

అన్నయ్య దగ్గర కొన్న పాత బండి నడిరోడ్డు మీద మళ్లీ ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి భర్తకు కాలు లాగేసింది.

"ట్యాంకు నిండా పెట్రోలుంది. ఇంజనుకి మాత్రం చుక్క దిగడం లేదు. మీ అన్నయ్యకి ముందే తెలుసేమో!"

"నాతో అబద్ధమాడతాడా? తన చేతిలో ఒక్కనాడూ మొరాయించలేదన్నాడు" అంటూ ఆమె ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. "అన్నయ్యా, బండి దారిలో ఆగిపోయింది."

"ఓస్, అంతేనా! ట్యాంకు మూత ఓసారి తీసి పెట్టమను. మూతకున్న బెజ్జం పూడిపోయి గాలాడదు, పెట్రోలు దిగదు. దానికది మామూలేనమ్మా."

భర్త మూత తిప్పాడు. బుస్సుమంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. అతను మూత బిగించి ఆమె వైపు చూసి నవ్వాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

కొనకముందు అన్నయ్య ఆమెను వెనక ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. మధ్యమధ్యలో ఆపి, మూత తీసి, "నా చెల్లెలికి ట్యాంకు నింపి మరీ ఇస్తున్నా, చూసుకో" అన్నాడు. ఎంత మురిసిపోయిందో!

"అన్నయ్యా, ఆ రోజు మూత తీసింది నాకు పెట్రోలు చూపించడానికి కాదన్నమాట."



"చెల్లీ," గొంతు తగ్గించాడు అన్నయ్య, "బావగారు పక్కనే ఉన్నారా?"