వెనక పలక

"ఆ ముసలాడు మళ్ళీ వెనక పలక ఊడదీశాడండీ," అంది షౌకత్ భార్య హిక్మత్.

అతను టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

కైరోకి ఉత్తరాన దమియెట్టా ఊళ్ళో అల్మారాలు చేసేవాళ్ళు వీధికి పదిమంది. చెక్కలో ముత్యపు చిప్ప పొదగడంలో మాత్రం షౌకత్ తర్వాతే ఎవరైనా. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

అతని తండ్రి ఖలీఫాకు చూపు మందగించింది. పాటలు వినే పాతికేళ్ళనాటి స్టీరియో రిసీవర్ సెట్టు ఒకటి ఆయనకు తోడు. వెండిరంగు మొహం, పచ్చ దీపం, బండరాయంత బరువు.

"అది ఆగిన రోజు నేనూ ఆగినట్టే," అనేవాడు ఖలీఫా.

గురువారం షౌకత్ కూతురికి సంబంధం ఖాయం చేసుకోడానికి మగపెళ్ళివాళ్ళు వస్తున్నారు. ఆ పాత సెట్టు వాళ్ళ కంట పడితే నామోషీ. అందుకని అక్రోటు చెక్కతో దానికో అల్మారా చేశాడు. నాలుగు వైపులా చిప్ప పొదిగాడు. వెనక వైపు కూడా. వచ్చేవాళ్ళూ వడ్రంగులే. వడ్రంగులు అల్మారాని ముందునుంచి చూడరు, వెనక్కి తిప్పి చూస్తారు.

ఆ వెనక పలకనే బయూమీ రోజూ ఊడదీస్తున్నాడు.

బయూమీ ఎగువ ఊళ్ళనుంచి నెల కిందట దిగాడు. ఖలీఫా గుమ్మంలోనే అతన్ని కావలించుకుని ఏడ్చాడు. ఎవరని అడిగితే "నావాడు" అన్నాడు. ఇంకో మాట చెప్పలేదు.

బయూమీ ఒంటి నిండా ఉప్పులో ఊరిన జున్ను కంపు. గోళ్ళ నిండా మట్టి. రోజంతా గుమ్మడి గింజలు నమిలి, పొట్టు తివాచీ మీదే ఊస్తాడు.

షౌకత్ గదిలోకి వెళ్ళేసరికి బయూమీ అల్మారా వెనక చతికిలబడి, ఈతాకు విసనకర్రతో సెట్టుకి విసురుతున్నాడు.

"ఏమిటయ్యా ఈ సేవ? జోల కూడా పాడతావా?"

"దీనికి ఊపిరాడటం లేదు బాబూ. చెయ్యి పెట్టి చూడు, కాలిపోతోంది."

"ఊపిరా! ఉబ్బసం గానీ ఉందా దానికి?"

బయూమీ నవ్వాడు. మిగిలిన రెండు పళ్ళ మధ్య గుమ్మడి పొట్టు. 

"వెనక నాలుగు సందులు పెట్టు బాబూ. పైన కాస్త జాగా వదులు."

"చిప్ప పొదిగిన పలకకి సందులా? ఎలకలు కొట్టాయనుకుంటారు."

"అనుకోనీ. గాలికంటే ఎక్కువా వాళ్ళ మాట?"

గురువారం మధ్యాహ్నం ఖలీఫా క్షవరానికి వెళ్ళాడు. షౌకత్ చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. ఒట్టి చేత్తో ముట్టుకోబుద్ధి కాలేదు. బయూమీ జుబ్బా మెడ పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు.

"మీ నాన్నతో ఒక మాట చెప్పి వెళ్తాను బాబూ."

"నేను చెప్తాలే. మళ్ళీ ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా. థూ, కంపు!"

బయూమీ ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగాడు.

"సెట్టు పెట్టినప్పుడు పలక మాత్రం బిగించకు నాయనా."

షౌకత్ తలుపు వేసేశాడు.

హిక్మత్ తివాచీని వెనిగర్‌తో తుడిచి సాంబ్రాణి వేసింది. షౌకత్ పలకకి మరలు బిగించాడు. అది చాలదని అంచుల వెంట జిగురు కూడా పట్టించాడు.

క్షవరం చేయించుకుని ఖలీఫా తిరిగొచ్చాడు.

"బయూమీ ఏడిరా?"

"ఊరెళ్ళాడు నాన్నా. కొడుకు రమ్మన్నాడట."

"వాడికి కొడుకెక్కడ..." అంటూండగానే పెళ్ళివాళ్ళు వచ్చేశారు.

వియ్యంకుడు కాబోయే జగ్లూల్ కూర్చోకుండానే అల్మారాని పక్కకి తిప్పాడు. వెనక పలక మీద అరచెయ్యి వేసి రాశాడు.

"ఇక్కడా చిప్పేనా! ఏం మేస్త్రీ, మీ గోడలకి కళ్ళున్నాయా?"

అందరూ నవ్వారు. షౌకత్ ఒళ్ళు పొంగిపోయింది.

"సెట్టు పెట్టు నాన్నా, వింటారు."

పచ్చ దీపం వెలిగింది. పాట మొదలైంది. షర్బత్ గ్లాసులు తిరిగాయి. మాటల మధ్య ఎవరూ అల్మారా వైపు చూడలేదు.

ఉన్నట్టుండి పాట గరగరమని నీలిగి ఆగిపోయింది. అల్మారా తలుపు సందుల్లోంచి పొగ వచ్చింది. షౌకత్ ప్లగ్గు పీకి వెనక పలకని లాగాడు. జిగురు వదల్లేదు. ఉలి పెట్టి తన చిప్ప పనిని తానే పగలగొట్టుకున్నాడు. లోపల సెట్టు నల్లగా మాడి, తారులాంటిదేదో కారుతోంది. పెళ్ళివాళ్ళు ముక్కులకి చేతిగుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. షర్బత్ సగంలో వదిలేసి ఒక్కొక్కరే లేచారు.

ఖలీఫా ఆ మాడిన సెట్టుని తడిమి చూశాడు.

"బయూమీ ఉంటే ఈ పలక ఉండేది కాదు. నిజం చెప్పు. వాడెక్కడ?"

"తోలేశాను నాన్నా. ఆ కంపు భరించలేకపోయాను."

ఖలీఫా కర్ర తీసుకుని స్టేషన్‌కి బయల్దేరాడు. షౌకత్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. కైరో రైలు వెళ్ళిపోయింది. బయూమీకి ఇల్లూ వాకిలీ లేవు. ఎక్కడని వెతకడం?

ఇంటికొచ్చాక హిక్మత్ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ఖలీఫా దాన్ని పక్కకి జరిపాడు.

"ఎవడు నాన్నా వాడు? ఒక ముష్టివాడి కోసం అన్నం మానేస్తావా?"

 ఖలీఫా కొడుకు వైపు మొహం తిప్పకుండానే అన్నాడు.

"సమ్మె చేశామని మమ్మల్ని ఎడారి జైల్లో కిటికీ లేని గదిలో కుక్కారు. తలుపు కింద వేలెడు సందు. నేల మీద పడుకుని, వంతులవారీగా దానికి ముక్కు ఆనించి గాలి పీల్చుకునేవాళ్ళం. నేను స్పృహ తప్పి పడిపోతే, చచ్చేవాడికి గాలి దండగ అన్నారు మిగతావాళ్ళు. రోజుల తరబడి తన వంతు నాకిచ్చినవాడు వాడు. నువ్వు పుట్టింది ఆ తర్వాత."