నలభయ్యో ఫైలు

"వచ్చావా తల్లీ! తొమ్మిదింటికి రమ్మంటే పదిన్నరకా?" అన్నాడు డాక్టర్, తలైనా ఎత్తకుండా.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి. చేతిలో మడిచిన కాగితం.

"నేను... సార్... మీరు..."

"కథలు తర్వాత. ముందు కూర్చో. ఆ నలభై ఫైళ్లూ పుట్టినప్పటి బరువు చూసి సర్దు. తక్కువ బరువు పైకి."

ఏజెన్సీవాళ్లు పంపుతామన్న క్లర్కు కోసం ఆయన పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నాడు.

అమ్మాయి బుద్ధిగా కూర్చుంది.

ఫైళ్ల మీద పేర్లు లేవు, అంకెలే. ఆరో నెల దాటగానే పుట్టేసి, ఈ ఆసుపత్రి అద్దాల పెట్టెల్లో బతికి బట్టకట్టిన పిల్లలవి అవి. పెద్దయ్యాక వాళ్లు ఎలా ఉన్నారన్నదే డాక్టర్ ఇరవయ్యేళ్ల పరిశోధన. ముప్పై తొమ్మిది మంది దొరికారు. అందరికంటే చిన్నది, ఆయన చేతులమీదుగా బతికిన ఆరువందల నలభై గ్రాముల పిల్ల, మాత్రం దొరకలేదు. ఆమె లేకపోతే పరిశోధన సగమే. రేపటితో గడువు.

అరగంటలో నాలుగు ఫైళ్లు తేలాయి.

"వేలు పెట్టి చదువుతావేంటి? ఒకటో తరగతా?"

అమ్మాయి నవ్వబోయింది. పేజీ తిప్పబోయింది. ఫైలు జారి కాగితాలన్నీ నేలపాలయ్యాయి.

"పోనీలెండి సార్, కొత్త కదా," అంది పక్కగదిలోంచి వచ్చిన నర్సు.

"కొత్తా పాతా కాదు సిస్టర్. ఇలాంటివాళ్లని ఎందుకు కంటారో, ఎందుకు బతికిస్తారో!"

నర్సు తల దించుకుంది. అమ్మాయి వంగి ఒక్కో కాగితమే ఏరుకుంది.

పని పూర్తయ్యేసరికి రెండు దాటింది.

"అయి... పోయింది సార్. పాసయ్యానా?"

డాక్టర్ పగలబడి నవ్వాడు.

"పాసా? పావుగంట పనికి మూడున్నర గంటలు! ఫెయిలమ్మా, ఫెయిల్. నిన్ను ఇంకెప్పుడూ పంపొద్దని మీవాళ్లతో చెప్పు."

ఆమె తలూపింది. బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని, తను తెచ్చిన కాగితం మడత విప్పి, నిలబడే ఏదో రాసింది. దానికీ చాలాసేపు పట్టింది. కాగితం ఫైళ్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నాలుగింటికి ఫోన్ మోగింది.

"ఏజెన్సీ నుంచండీ. మా క్లర్కుకి జ్వరం, ఇవాళ రాలేదు. రేపు పంపుతాం."

"రాలేదా? మరి..."

డాక్టర్ ఫైళ్ల దగ్గరికి నడిచాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. నలభైలో ఒక్క తప్పు లేదు.

అన్నిటికన్నా పైనున్న ఆరువందల నలభై గ్రాముల ఫైలు మీద ఆ కాగితం ఉంది. ఆఖరి ప్రయత్నంగా నెల క్రితం ఆయన స్వయంగా రాసిన ఉత్తరం. 'ఒక్కసారి రండి. చిన్న చిన్న పరీక్షలుంటాయి. మీకు ఇష్టమేనా?'

'ఇష్టమే' అన్నచోట ఇంటి దగ్గరే నీలం సిరాతో పెట్టుకొచ్చిన టిక్కును ఎర్ర పెన్నుతో కొట్టేసి, కింద వంకర అక్షరాలతో ఆ నలభయ్యో పిల్ల రాసింది: 'ఫెయిలయ్యాను సార్. ఇంక రాను.'