మనిద్దరికీ ఒకే...

“ఆ బొమ్మ వేసింది నువ్వా, కాదా? ఒక్క మాటలో చెప్పు.”

ప్రిన్సిపాల్ అలా అడగడం అది మూడోసారి. కుర్రవాడు తల ఎత్తలేదు. గోడ కనబడితే చాలు, ఎగబాకి మరీ బొమ్మ వేస్తాడని బడిలో అందరూ అతణ్ణి బల్లి అంటారు. నీళ్ళ ట్యాంకు మీది ఆక్టోపస్‌కు ఒకసారి, సైకిల్ షెడ్డు మీది ఏనుగుకు ఒకసారి క్షమాపణ పత్రం రాసిచ్చాడు. మూడోసారికి పత్రం ఉండదు, టీసీయే. పరీక్షలకు ఇంకా పది రోజులే. ఇప్పుడు టీసీ చేతికొస్తే ఏడాది గంగలో కలిసినట్టే.

బీరువా పక్కన నిలబడ్డ అమ్మాయి జడ కొస మెలిపెడుతున్నది. నిన్న సెలవు. ఈ ఉదయం బడి తెరిచేసరికి ప్రహరీ మీద, వీధివైపున, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చెంపకు చెంప ఆనించి నవ్వుతున్నారు. అబ్బాయిది ఉంగరాల జుట్టు, అచ్చం బల్లిలాగే. అమ్మాయికి రెండు జడలు, కళ్ళద్దాలు, అచ్చం తనలాగే. ఆ బడిలో ఉంగరాల జుట్టు ఎందరికుందో, రెండు జడలు ఎందరు వేసుకుంటారో ఎవరూ లెక్కపెట్టలేదు. అనుమానానికి లెక్కలతో పనిలేదు. బొమ్మ కింద జానెడేసి అక్షరాలు: ‘మనిద్దరికీ ఒకే’. వాక్యం అక్కడితో ఆగిపోయింది.

గోడలకు చెవులుంటాయని వినడమే గాని, నోరు కూడా ఉంటుందని ఆ అమ్మాయికి ఈ ఉదయమే తెలిసింది. తనతో ఎదురుపడి రెండు మాటలు కలపలేనివాడు ఊరందరికీ కనబడేలా చెప్పేశాడు! భయంతో పాటు గుండెలో ఇంకేదో కూడా కొట్టుకుంటున్నది.

“మాట్లాడవేం? మౌనం అర్ధాంగీకారమంటారు.”

“సార్, మావాడి చేతులు ఊరుకోవు, నిజమే,” అన్నాడు బల్లి బాబాయి. మోటార్ మెకానిక్కు, గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. “కానీ చేసింది దాచడండీ. ఆ ఏనుగప్పుడు, తొండం వంకరపోయింది, దిద్దుకోనివ్వండని తనంతట తనే మీ దగ్గరికొచ్చాడు.”

“మరి ఇవాళ నోరెందుకు పెగలదు?”

“అదంతా తరవాత సార్,” అంది అమ్మాయి తల్లి. ఆమె నర్సు, డ్యూటీ దుస్తుల్లోనే పరుగెత్తుకొచ్చింది. “మనిద్దరికీ ఒకే... ఏమిటి? ముందు అది తేల్చండి. మా పిల్లకీ ఇతనికీ ఒకటేమిటో నాకు తెలియాలి.”

బల్లి ఒక్కసారి తలెత్తి అమ్మాయి వైపు చూశాడు. నోరు విప్పవద్దని బతిమాలుతున్నట్టుగా ఉంది ఆ చూపు. ప్రిన్సిపాల్ సొరుగులోంచి టీసీ ఫారం తీశాడు. పెన్ను మూత ఊడదీసిన చప్పుడు గదంతా వినిపించింది.

“నేనే వేశాను సార్,” అంది అమ్మాయి.

“నోర్ముయ్!” తల్లి చెయ్యి పట్టుకుని గుంజింది. “నువ్వు కప్పను గీస్తే బంగాళాదుంపలా ఉంటుంది. సైన్సు రికార్డులో బొమ్మలన్నీ నాచేత వేయించుకున్నదానివి, నువ్వు గోడ మీద వేశావా?”

దేనికి జంకుతున్నాడో అదే జరిగినట్టు బల్లి ఉలిక్కిపడ్డాడు. “అబద్ధం సార్! నేనే వేశాను. ఆమెకేం తెలీదు.”

“బాగుంది. ఇంతసేపూ ఒక్క దొంగా దొరకలేదు, ఇప్పుడు ఇద్దరు భుజాలు తడుముకుంటున్నారు.” ప్రిన్సిపాల్ ముప్పై ఏళ్ళు రేఖాగణితం చెప్పినవాడు. చెరొక కాగితం ముక్క వాళ్ళ ముందుకు తోశాడు. “దత్తాంశం ఇద్దరికీ ఒకటే. వేసినవాళ్ళకు ‘ఒకే’ తరవాత రాబోయే మాట తెలిసితీరాలి. ఒకరిదొకరు చూడకుండా రాయండి.”

పంకా తిరుగుతున్నా అమ్మాయి నుదుట చెమట పట్టింది. అతడి మనసులో ఏముండి ఉంటుంది? ఆమె కళ్ళు మూసుకుని తనకు తోచింది రాసింది. ఆయన రెండు కాగితాలూ విప్పాడు.

“ఈమెది ‘దారి’. ఇతనిది... ‘గోడ’.”

“చచ్చినా గోడ వదలవురా!” అని బాబాయి తల కొట్టుకున్నాడు.

“కలవలేదు. అంటే కనీసం ఒకరు అబద్ధమాడుతున్నారు.” కనీసం అన్న మాట ఆయన తర్కం కొద్దీ వాడిందే గాని, దాని లోతు ఎంతో కొలిచి చూడలేదు.

తల్లి కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. “నా వైపు చూడు. ఇతని తప్పు నువ్వెందుకు నెత్తిన వేసుకుంటున్నావే? ఇష్టమా?”

అబద్ధానికి ఇంకెక్కడా చోటు లేదు.

“ఇష్టమే అమ్మా.”

“నాక్కూడా,” అన్నాడు బల్లి, నేలతో చెబుతున్నట్టు.

బాబాయి నోరు తెరిచి మూసుకోవడం మరిచాడు. నర్సు కుర్చీలో కూలబడింది. ప్రిన్సిపాల్ సొరుగు లాగి రెండో ఫారం తీసి మొదటిదాని పక్కన పెట్టాడు, తేదీ వేశాడు. అమ్మాయి పేరులో మొదటి అక్షరం రాయబోతుండగా తలుపు తోసుకుని, చెవి మీద బ్రష్షు, చేతిలో ఎర్రరంగు డబ్బాతో ఒక నడివయసు మనిషి లోపలికి వచ్చాడు.

“మీ వాచ్‌మన్ నన్ను గోడ దగ్గరికే పోనివ్వడం లేదండీ! మొన్న ఫైళ్ళ హడావుడిలో మీరు సంతకం పెట్టిన పర్మిషన్ కాగితం ఇదిగో... నిన్న రంగు అయిపోయి సగంలో ఆపాను గాని, ఇంకొక్క ముక్కేనండీ రాయాల్సింది: ‘సబ్బు’!”